జీతం ఒకరికి, పని ఇంటిల్లిపాదికీ: ఒక లైట్‌హౌస్ కీపర్ కూతురి కథ

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే.

నన్ను సముద్రం గురించి ఏదైనా మాట్లాడమన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మీలో వేటకెళ్ళే కుటుంబాలవాళ్ళు ఉన్నారు, సముద్రం సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. అంచేత సముద్రం జోలికి పోకుండా ఒక పడవ గురించి చెబుతాను. తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి.

మా అబ్బాయి ఇంగ్లండులో న్యూకాజిల్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఓ ఆదివారం కారులో ఉత్తరంగా బాంబ్రా అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఊరు చిన్నది, కోట పెద్దది. నాకు కోట చూపించాలని వాడి సరదా. నేనేమో చర్చికి ఎదురుగా ఉన్న చిన్న మ్యూజియంలో దూరి, ఇక బయటికి రాలేదు. అక్కడొక చెక్క పడవ ఉంది. పొడవు 21 అడుగులు. పెంకుటింటి మీద పెంకుల్లా ఒక పలక అంచు మీదికి ఇంకో పలక ఎక్కించి కొట్టిన పడవ. అణియం, అంటే ముందు వైపు, లోతుగా ఉంటుంది. అమరం, అంటే వెనక వైపు, బల్లపరుపుగా ఉంటుంది. ఒడ్డుకి వచ్చేటప్పుడు తిప్పి, వెనక భాగాన్ని ముందుగా ఇసుక మీదికి లాక్కునేలా అలా చేస్తారట. ఆ తీరంలో దాన్ని కోబుల్ అంటారు.

అంత పడవకి మామూలుగా ముగ్గురు మగవాళ్ళు తెడ్డు వెయ్యాలి. 1838 సెప్టెంబరు 7 పొద్దున్న, తుపాను గాలిలో, దాన్ని ఇద్దరు తీసుకెళ్ళారు. ఒకాయనకి 52 ఏళ్ళు. రెండో మనిషి ఆయన కూతురు, 22 ఏళ్ళ పిల్ల. పేరు గ్రేస్ డార్లింగ్. డార్లింగ్ అన్నది ఇంటిపేరు, ముద్దుపేరు కాదు. (నవ్వులు)

బాంబ్రా ఒడ్డున నిలబడి చూస్తే ఎదురుగా ఫార్న్ దీవులు కనిపిస్తాయి. దీవులని పేరే గానీ, చాలా మటుకు నల్లరాతి తిప్పలు. ఎన్ని అని అడిగితే ఎప్పుడు లెక్కపెట్టారని అడగాలి. పోటు మీద ఉన్నప్పుడు ఒక లెక్క, ఆటులో ఇంకో లెక్క. ఓడలకి అసలు ముప్పు అదే. గ్రేస్ తాత రాబర్ట్ అక్కడ బొగ్గుల మంట వెలిగించి ఓడలకి దారి చూపించేవాడు. ఆయన తర్వాత కొడుకు విలియం ఆ పనిలోకి వచ్చాడు. గ్రేస్ 1815 నవంబరు 24న పుట్టింది. తొమ్మిదిమందిలో ఏడో సంతానం. నెలల పిల్లగానే దీవికి చేరింది. అప్పుడు వాళ్ళున్న బ్రౌన్స్‌మన్ దీవిలో కాస్త మట్టి ఉంది, కూరలు పండేవి. 1826లో ఇంకా బయటికి, లాంగ్‌స్టోన్ అనే తిప్ప మీద కొత్తగా కట్టిన దీపస్తంభానికి, అంటే లైట్‌హౌస్‌కి మారారు. అక్కడ గడ్డి కూడా మొలవదు. కూరగాయల కోసం పడవేసుకుని పాత దీవికి వెళ్ళొచ్చేవాళ్ళు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లకి తెడ్డు పట్టడం సాహసం కాదు, తోటకూర తెచ్చుకోవడం లాంటిది. తోటకూర అక్కడ పండదనుకోండి, మాటవరసకి అన్నాను.

దీపం సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఇప్పటిలా స్విచ్చి వేస్తే వెలిగేది కాదు. నూనె దీపాలు, వాటి వెనక వెండిపూత పూసిన గిన్నెల్లాంటి అద్దాలు. మొత్తం చట్రాన్ని గడియారంలో లాంటి యంత్రం తిప్పుతూ ఉంటుంది. ఆ యంత్రానికి కీ ఇవ్వాలి. వత్తులు కత్తిరించాలి. అద్దాలకి పట్టిన మసి తెల్లారాక తుడవాలి, గీత పడకుండా తుడవాలి. రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఇదంతా సంవత్సరానికి 365 రాత్రులు. ట్రినిటీ హౌస్ అనే సంస్థ ఈ ఉద్యోగం ఇచ్చింది విలియం డార్లింగ్‌కి. మరి ఆయన నిద్రపోయినప్పుడు? జ్వరం వచ్చినప్పుడు? ఒడ్డుకి వెళ్ళినప్పుడు? ఇంట్లో వాళ్ళే చూసేవాళ్ళు. రిజిస్టర్లో ఒక పేరు ఉంటుంది, జీతం ఒక చేతికి వస్తుంది, పని మాత్రం ఇంటిల్లిపాదిదీ. మన తీరంలోనూ పడవ ఒకరి పేరున ఉంటుంది గానీ, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది ఎవరో మీకు తెలుసు. నన్ను ఈ కథలో పట్టుకున్నది ఇదే. తక్కినదంతా చాలామంది చెప్పారు.

ఇక ఆ రాత్రి. ఫర్ఫర్‌షైర్ అని ఒక స్టీమరు. పక్కల చక్రాలు, మధ్యలో ఆవిరి యంత్రం. స్కాట్లండులోని డండీలో కట్టిన ఓడ, అప్పటికి రెండేళ్ళుగా తిరుగుతోంది. సెప్టెంబరు 5 సాయంత్రం హల్ రేవు నుంచి డండీకి బయల్దేరింది. సుమారు అరవైమంది ఉన్నారు. దారిలోనే బాయిలరు కారడం మొదలైంది. వెనక్కి తిరగాల్సింది, తిరగలేదు. 6వ తేదీ రాత్రికి స్కాట్లండు తీరం దగ్గర యంత్రం పూర్తిగా ఆగిపోయింది. ఉత్తరపు గాలి, వాన, పొగమంచు. తెరచాపలెత్తి గాలివాటున దక్షిణానికి కొట్టుకొచ్చారు. కెప్టెన్ జాన్ హంబుల్ ఫార్న్ దీవుల చాటుకి చేరుదామనుకున్నాడు. దూరంగా ఒక దీపం కనిపించింది. అది ఒడ్డుకి దగ్గరగా ఉన్న ఇన్నర్ ఫార్న్ దీపం అనుకున్నాడు. కాదు, అది లాంగ్‌స్టోన్ దీపం. అంటే దీవుల లోపలి వైపు దారి అనుకుంటూ బయటివైపు బండల మీదికి వెళ్ళాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఓడ బిగ్ హార్కర్ అనే బండకి గుద్దుకుంది. పావుగంటలో రెండు ముక్కలైంది. వెనక ముక్కని సముద్రం లాక్కుపోయింది. కెప్టెన్, ఆయన భార్య, గదుల్లో నిద్రపోతున్నవాళ్ళు, అంతా పోయారు. తొమ్మిదిమంది మాత్రం ఓడ పడవలో ఎలాగో బయటపడ్డారు. వాళ్ళని తర్వాత వేరే ఓడ ఎక్కించుకుంది. ముందు ముక్క బండ మీదే ఇరుక్కుంది. దాన్ని పట్టుకుని కొందరు మిగిలారు.

లాంగ్‌స్టోన్‌లో ఆ రాత్రి ముగ్గురే ఉన్నారు. విలియం, భార్య థామసిన్, గ్రేస్. చిన్న తమ్ముడు చేపల వేటకని ఒడ్డున సీహౌసెస్ అనే ఊళ్ళో ఉండిపోయాడు. అయిదు కావడానికి పావుగంట ముందు, గ్రేస్ తన గది కిటికీలోంచి ఓడని చూసింది. చీకటి, పైనుంచి నీటి తుంపర. మనుషులు ఉన్నారో లేరో తెలియదు. దుర్భిణి కంటి దగ్గర్నుంచి తియ్యకుండా రెండు గంటలు చూశారు. ఏడింటికి పోటు కాస్త తగ్గాక బండ మీద ముగ్గురో నలుగురో కదిలారు.

ఇక్కడ ఒక కథ పుట్టింది. పత్రికలవాళ్ళు పుట్టించారు. తండ్రి వద్దన్నాడట, కూతురు కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించిందట. నాటకానికి బాగుంటుంది. కానీ విలియం ట్రినిటీ హౌస్‌కి రాసిన ఉత్తరం ఉంది. అందులో అలాంటిదేం లేదు. ఆయన రాసిన దాని సారం ఇది: అక్కడి దాకా వెళ్ళగలిగితే వాళ్ళలో కొందరు తెడ్డు వేసి మాకు తిరుగు ప్రయాణంలో సాయపడతారు, ఆ సాయం లేకపోతే మేం వెనక్కి రాలేం, అని మేం అనుకున్నాం.

ఆ లెక్క చూశారా? వెళ్ళడానికి ఇద్దరి బలం చాలుతుంది. రావడానికి చాలదు. బండ మీద ఉన్నవాళ్ళలో తెడ్డు పట్టే శక్తి ఎవరికీ లేకపోతే ఈ ఇద్దరూ అక్కడే. ఒడ్డు నుంచి ఇంకో పడవ వస్తుందన్న ఆశ కూడా ఆయనకి లేదు. అంత తెలిసి దిగారు. "మేం అనుకున్నాం" అని రాశాడు. ఆ మేం అంటే ఆయనా కూతురూ. ఉద్యోగి తన పై అధికారులకి రాసుకునే ఉత్తరంలో, 1838లో, ఆ మాట పడిందంటే నాకు ముచ్చటేసింది.

పడవని నీళ్ళలోకి దించడానికి థామసిన్ కూడా చెయ్యి వేసింది.  భర్త, కూతురు పడవెక్కితే దీవి మీద ఒంటరిగా మిగిలేది ఆవిడ.

నేరుగా వెళ్తే దగ్గరే. కానీ నేరుగా వెళ్తే గాలీ కెరటమూ పక్కనుంచి తగిలి పడవ బోర్లా పడుతుంది. అందుకని తిప్పల వెనక, గాలి మరుగున, చుట్టు తిరిగి వెళ్ళారు. సుమారు మైలు.

ఇప్పుడు అసలు ఘట్టం. ఈ సంఘటన మీద వచ్చిన బొమ్మలు బోలెడు. చాలావాటిలో గ్రేస్ జుట్టు విరబోసుకుని, కొండంత అల మీద తెడ్డు వేస్తూ ఉంటుంది. నాకైతే ఆ బొమ్మలు అంతగా నచ్చలేదు. కష్టం అక్కడ లేదు. పడవ బండ దగ్గరికి చేరాక, ఎక్కేవాళ్ళని ఒక పద్ధతిలో ఎక్కించకపోతే అందరూ ఒక్కసారి మీద పడి పడవని ముంచేస్తారు. అందుకని విలియం బండ మీదికి దూకాడు. దూకగానే పడవలో మిగిలింది ఒక్క మనిషి. ముగ్గురి పడవ అది. గ్రేస్ రెండు తెడ్లూ తీసుకుంది. ముందుకి వెళ్తే బండకి కొట్టుకుని పలకలు విడిపోతాయి. వెనక్కి జరిగితే తండ్రి అక్కడే ఉండిపోతాడు. ప్రతి అల పడవని బండ మీదికి విసురుతుంది, దిగేటప్పుడు దూరంగా పీకుతుంది. అల వచ్చినప్పుడు వెనక్కి తెడ్డు, పోయినప్పుడు ముందుకి తెడ్డు. ఒక చోటే ఉండాలి. వేటకెళ్ళేవాళ్ళు ఇక్కడ తలలూపుతున్నారు, చూస్తున్నాను. ముందుకి పోవడం కన్నా ఉన్నచోట ఉండటమే కష్టమని మీరు నాకు చెప్పాలి, నేను మీకు చెప్పడం కాదు.

బండ మీద తొమ్మిదిమంది బతికున్నారు. ఎనిమిదిమంది మగవాళ్ళు, ఒక స్త్రీ. ఆమె పేరు సారా డాసన్. ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు. రాత్రంతా చలిలో, తడిలో వాళ్ళని పొదివి పట్టుకునే కూర్చుంది. పిల్లలిద్దరూ ఆమె చేతుల్లోనే పోయారు. ఆ గాలిలో తొమ్మిదిమందిని ఒక్కసారి ఎక్కించడం కుదరదని విలియం నిర్ణయించాడు. మొదటి విడతలో ఆమెనీ నలుగురు మగవాళ్ళనీ ఎక్కించారు. పిల్లల్ని బండ మీదే వదిలి రావాలి. ఆమె ఒంటరిగా పడవెక్కింది.

లాంగ్‌స్టోన్ చేరాక గ్రేస్ దిగిపోయింది. ఇంట్లో తల్లికి సాయం కావాలి. విలియం, రక్షించినవాళ్ళలో ఇద్దరు కలిసి మళ్ళీ వెళ్ళి మిగతా నలుగుర్నీ తెచ్చారు. తొమ్మిది గంటలకల్లా అంతా అయిపోయింది.

అయిపోలేదు నిజానికి. సీహౌసెస్‌లో ఓడ సంగతి తెలిసి ఏడుగురు జాలర్లు ఇలాంటి కోబుల్‌లోనే బయల్దేరారు. వాళ్ళలో గ్రేస్ తమ్ముడు ఒకడు. అయిదు మైళ్ళ దాకా ఎదురుగాలిలో తెడ్డు వేసుకుంటూ వచ్చారు. బండ దగ్గరికి చేరేసరికి మూడు శవాలే ఉన్నాయి. ఒక మగమనిషి, ఇద్దరు పిల్లలు. వాటిని కెరటం అందని చోటుకి ఎత్తి పెట్టి, తిరిగి ఒడ్డుకి పోలేక లాంగ్‌స్టోన్ చేరారు. ఆ తిప్ప మీద అందరికీ చోటేది? పాత కొట్టంలో రెండు రోజులు పడుకున్నారు. కష్టం తూకం వేస్తే వాళ్ళది తక్కువేం కాదు, ఎక్కువే అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. ఈ మాట అనడం గ్రేస్‌ని తగ్గించడానికి కాదు. ఆ ఊళ్ళో దీని మీద చాలాకాలం గొణుగుడు ఉండేది, అది న్యాయమే.

తర్వాత జరిగింది మనకి కొత్త కాదు. పేపర్లలో పడింది. విక్టోరియా రాణి 50 పౌండ్లు పంపింది. చందాలు 700 పౌండ్లు దాటాయి. ఓడ ప్రమాదాల్లో ప్రాణరక్షణ కోసం 1824లో పెట్టిన జాతీయ సంస్థ ఒకటుంది, తండ్రికీ కూతురికీ చెరో వెండి పతకం ఇచ్చింది. ఆ సంస్థ పతకం అందుకున్న మొదటి స్త్రీ ఈమే. చిత్రకారులు పడవలెక్కి ఆ తిప్ప మీదికి దిగారు, ఒకరా ఇద్దరా, పదిమంది పైనే. సర్కస్‌వాళ్ళు పిలిచారు, లండన్ నాటకాలవాళ్ళు పిలిచారు. రోజూ ఉత్తరాలు, జుట్టు ముక్క పంపమని. ఆ పేరుతో అమ్ముడుపోయిన జుట్టంతా కలిపితే ఆ పిల్ల తల మీద పట్టేది కాదని నా అనుమానం. (నవ్వులు) ఆ ప్రాంతం పేరు నార్తంబర్లాండ్, అక్కడి డ్యూకు ఆ డబ్బుకి ధర్మకర్తగా ఉండి, కొంత అడ్డు నిలిచాడు. ఆమె మాత్రం లాంగ్‌స్టోన్ వదిలి పోలేదు. నాలుగేళ్ళు గడిచాయి. క్షయ పట్టుకుంది. 1842 అక్టోబరు 20న బాంబ్రాలో చనిపోయింది. 26 ఏళ్ళు. సమాధి ఆ మ్యూజియం ఎదురుగానే, చర్చి ఆవరణలో. స్మారకం సముద్రం మీద పోయే ఓడలకి కనిపించేలా కట్టారు.

ఒక్క గ్రేస్ అనుకోకండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి దూరంగా మటినికస్ రాక్ అనే బండ ఉంది. 1856 జనవరిలో అక్కడి కీపర్ సామాన్ల కోసం ఒడ్డుకి వెళ్ళాడు, తుపాను పట్టుకుంది, వారాల తరబడి తిరిగి రాలేకపోయాడు. పదహారేళ్ళ కూతురు అబీ బర్జెస్, జబ్బు తల్లినీ చెల్లెళ్ళనీ స్తంభంలోకి చేర్చి, అన్ని రాత్రులూ దీపాలు ఆరకుండా చూసింది. నీళ్ళు ఇంటి మీదికి వస్తుంటే పరుగెత్తి కోళ్ళని కూడా గంపలో తెచ్చుకుంది. కోళ్ళు పోతే గుడ్లు పోతాయి కదా. ఇల్లు నడిపే మనిషికే ఆ ఆలోచన వస్తుంది.

అమెరికాలోనే రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఐడా లూయిస్ కథ ఇంకా పెద్దది. తండ్రి లైమ్ రాక్ కీపర్. పక్షవాతం వచ్చి మూలపడ్డాడు. దీపం పని, తమ్ముళ్ళనీ చెల్లినీ బడికి పడవలో దింపడం, అన్నీ ఈ పిల్ల మీద పడ్డాయి. మునిగిపోతున్నవాళ్ళని లాగడం కూడా. తన జీవితంలో ఆమె కాపాడినవాళ్ళు పద్దెనిమిదిమందికి తక్కువ కాదు. ఉద్యోగం ఎవరి పేరున ఉంది? ముందు తండ్రి పేరున. ఆయన పోయాక 1872లో తల్లి పేరున. ఐడా పేరు కాగితం మీదికి ఎక్కింది 1879లో. ఇరవై ఏళ్ళు చేశాక ఉద్యోగంలో చేరింది! 1911లో చనిపోయేదాకా ఆ దీపం దగ్గరే ఉంది.

మళ్ళీ బాంబ్రాకి వద్దాం, టైమవుతోంది. గ్రేస్ పుట్టకముందే, 1786లో, బాంబ్రా కోట ధర్మకర్తలు ఒక కోబుల్‌ని లండన్‌లో లయనెల్ లూకిన్ అనే బండ్లు కట్టే ఆయన దగ్గరికి పంపి, మునగకుండా మార్పించారు. లైఫ్‌బోటు అన్నదానికి అది మొదటి ప్రయత్నాల్లో ఒకటి. మూడేళ్ళకి టైన్ నది మొగలో, జనం ఒడ్డునుంచి చూస్తుండగానే అడ్వెంచర్ అనే ఓడ ముక్కలైంది. ఎవరూ వెళ్ళలేకపోయారు. ఆ సిగ్గుతో ఆ మొగ దగ్గరున్న సౌత్ షీల్డ్స్ ఊరివాళ్ళు మంచి లైఫ్‌బోటుకి బహుమతి ప్రకటించారు. ఇదంతా ఆ తీరంలోనే, డెబ్భై మైళ్ళ లోపు. ఆ తర్వాత ఊరూరా లైఫ్‌బోట్లు వచ్చాయి. వాటిలో ఎక్కేది మగవాళ్ళు. నార్తంబర్లాండ్ ఊళ్ళలో వాటిని తాళ్ళతో ఇసుక మీద లాగి, నడుంలోతు నీళ్ళలోకి దిగి తోసింది ఆడవాళ్ళు. ఆ పని మన థామసిన్ ఆ పొద్దున్న చేసిందే. గ్రేస్‌కి పతకం ఇచ్చిన సంస్థ పడవల్లో ఒక అమ్మాయి అధికారికంగా సిబ్బందిగా చేరింది 1969లో. పతకానికీ దానికీ మధ్య 131 ఏళ్ళు.

చివరగా ఒకటి. విలియం డార్లింగ్ దీవిలో జరిగినవన్నీ ఒక దినచర్య పుస్తకంలో రాసుకునేవాడు. ఏ ఓడ మునిగింది, ఏ పక్షి వచ్చింది, చేపలెలా పడ్డాయి. ఆ రోజు గురించి కూడా కొన్ని వాక్యాలు రాశాడు. దేశమంతా తన కూతురి బొమ్మలు కొంటోంది కదా, ఆయన ఏం రాశాడో అని ఆత్రంగా చూశాను. ఓడ పేరు రాశాడు. బాయిలర్లు కారి యంత్రం పనికిరాకుండా పోయిందని రాశాడు. పావుగంటలో విరిగిందని, 43 మంది మునిగిపోయారని, తొమ్మిదిమంది తమ పడవలో బయటపడ్డారని, ఇంకో తొమ్మిదిమందిని డార్లింగ్‌లు రక్షించారని రాశాడు. డార్లింగ్‌లు. బహువచనం. నేనని లేదు, గ్రేస్ అని లేదు. ఆ వెంటనే, సరుకు జాబితా. మేలురకం బట్టలు, ఇనుప సామాను, సబ్బు, నూలు వడికే యంత్రాల సామాను, బాయిలరు రేకులు.

బాయిలరు కారి మునిగిన ఓడలో సరుకు బాయిలరు రేకులు! ఆయన దాని మీద కూడా ఏమీ అనలేదు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం. కోబుల్ ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి, పలకలు ఎలా కొట్టారో చూసి ఎవరైనా నాకు చెప్పాలి.